మీకు తెలుసా? దివాలా కంపెనీలో బోనస్‌కు జడ్జి సంతకం కావాలి

అమెరికాలో అప్పుల్లో మునిగిన కంపెనీ దివాలా చట్టంలోని ‘చాప్టర్ 11’ కింద కోర్టుకెక్కినా, సాధారణంగా పాత యాజమాన్యమే కుర్చీల్లో ఉంటుందని మీకు తెలుసా? మన దేశంలో 2016 నాటి దివాలా చట్టం కింద కేసు మొదలైతే బోర్డు అధికారాలు ఆగిపోతాయి, పగ్గాలు దివాలా ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి వెళ్తాయి. అక్కడ అలా కాదు. కంపెనీ మునిగేటప్పుడు పైన ఉన్నవాళ్లే దాన్ని గట్టెక్కించే ప్రణాళికా రాస్తారు, అందుకు తమకు బోనస్ కావాలనీ అడుగుతారు.

‘మేం వెళ్లిపోతే కంపెనీ నిలవదు’ అనే మాట మీద, ఉద్యోగం మానకుండా ఉన్నందుకే పెద్ద మొత్తాలు ఇచ్చుకోవడం ఒకప్పుడు మామూలు. 2005లో అమెరికా కాంగ్రెస్ దీనికి అడ్డుకట్టగా దివాలా చట్టంలో 503(సి) నిబంధన చేర్చింది. ఇప్పుడు పై అధికారికి ఆ పేరుతో డబ్బివ్వాలంటే, తక్కువ కాని జీతంతో మరో సంస్థ ఇచ్చిన నిజమైన ఆఫర్ అతని చేతిలో ఉండాలి. అతను లేనిదే వ్యాపారం బతకదని రుజువు కావాలి. పైగా ఆ మొత్తం, అదే ఏడాది మామూలు ఉద్యోగులకు ఇచ్చిన అలాంటి సొమ్ము సగటుకు పది రెట్లు దాటకూడదు. ఇన్ని షరతులు నెగ్గడం దాదాపు అసాధ్యం.

దాంతో కంపెనీల లాయర్లు పేరు మార్చారు. ‘ఉన్నందుకు’ కాదు, ‘లక్ష్యం సాధించినందుకు’ ఇస్తున్నాం అన్నారు. 2006లో ఒహాయోకు చెందిన కారు విడిభాగాల సంస్థ డానా ఇలాంటి పథకంతో వస్తే న్యూయార్క్ దివాలా జడ్జి బర్టన్ లిఫ్లాండ్ తిప్పికొట్టారు. బాతులా నడిచి బాతులా అరిస్తే అది బాతేనన్నది ఆయన తీర్పు సారాంశం. సంపాదన లక్ష్యాలతో, పరిమితులతో సవరించి తెచ్చాకే అదే ఏడాది చివర్లో ఒప్పుకున్నారు.

2012లో విమానాల తయారీ సంస్థ హాకర్ బీచ్‌క్రాఫ్ట్ వంతు వచ్చింది. ఎనిమిది మంది అధికారులకు 50 లక్షల డాలర్లకు పైగా ఇస్తామంది. జడ్జి స్టువర్ట్ బెర్న్‌స్టీన్ లక్ష్యాలను ఒక్కొక్కటిగా కంపెనీ సొంత వ్యాపార అంచనాల పక్కన పెట్టి చూశారు. కనీస బోనస్ అందడానికి చేయాల్సింది, ఎలాగూ జరగబోయే పనే అని తేలింది. పథకాన్ని తిరస్కరించారు. న్యాయశాఖ తరఫున దివాలా కేసులను కనిపెట్టి ఉండే యూఎస్ ట్రస్టీ కూడా దీన్ని వ్యతిరేకించారు. కష్టపడితేనే అందే లక్ష్యమా, కాదా? కోర్టు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే, ఈ కేసులో దాన్ని గట్టిగా అడిగింది.

మరి చట్టంలో మిగిలిన సందు ఏది? కోర్టు పరిశీలన కేసు వేశాకే మొదలవుతుంది. 2020 ఏప్రిల్‌లో పదివేల ఉద్యోగాలు కోసిన అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్, మే 22న దివాలా పిటిషన్ వేసింది. దానికి కొద్ది రోజుల ముందే 340 మందికి 1.62 కోట్ల డాలర్ల బోనస్‌లు చెల్లించింది. అదే నెల 15న కోర్టుకెక్కిన డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ జేసీ పెన్నీ కూడా అంతకు కొన్ని రోజుల ముందు తన సీఈఓకు 45 లక్షల డాలర్లు మంజూరు చేసింది. వీటికి జడ్జి ముందస్తు అనుమతి అక్కర్లేదు.

2020 ఆర్థిక సంవత్సరంలో 42 కంపెనీలు ఇలా సుమారు 16.5 కోట్ల డాలర్లు పంచాయని అమెరికా కాంగ్రెస్‌కు తనిఖీ నివేదికలిచ్చే జీఏఓ 2021లో లెక్క తేల్చింది. పిటిషన్‌కు ముందు ఇచ్చే బోనస్‌లనూ కోర్టు పరిధిలోకి తెచ్చేలా చట్టం మార్చాలని సూచించింది. ఉద్యోగం పోగొట్టుకుని, రావాల్సిన బకాయి కోసం క్లెయిమ్ దాఖలు చేసి ఎదురుచూసే కార్మికుడి తరఫున చూస్తే, ఆ మార్పు ఎప్పుడో రావాల్సింది.