ఆప్రికాట్ పూత ఎందుకు మాడుతుంది? ఎలా కాపాడుకోవాలి?

జనవరిలో మైనస్ 20 డిగ్రీలకు కూడా చెక్కుచెదరని ఆప్రికాట్ చెట్టు, ఏప్రిల్‌లో ఒక్క రాత్రి మైనస్ 5కు దిగితే ఆ ఏటి కాపు చాలావరకు పోగొట్టుకుంటుంది. అంత చలిని ఓర్చుకున్నది ఇంత చలికి ఎందుకు లొంగిపోతుంది?

జవాబు మొగ్గలో ఉంది. మరుసటి ఏటి పూమొగ్గలు వేసవి చివర్లోనే కొమ్మల మీద తయారవుతాయి. ఆకు రాలాక నిద్రలోకి జారుకుంటాయి. ఆ నిద్ర వదలాలంటే వాటికి సుమారు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగలాలి. ఆ లెక్క నిండేదాకా నాలుగు రోజులు ఎండ కాసినా మొగ్గ కదలదు. నిండాక మాత్రం కాస్త వెచ్చదనం చాలు, ఉబ్బడం మొదలుపెడుతుంది. పైగా పళ్లచెట్లలో అన్నిటికంటే ముందు పూసేవాటిలో ఆప్రికాట్ ఒకటి. ఆపిల్ ఇంకా మేలుకోకముందే ఇది విరబూస్తుంది. ఉబ్బినకొద్దీ మొగ్గకు ఓర్పు తగ్గుతుంది. పూర్తిగా విచ్చిన పూలలో మైనస్ 3 దగ్గర సుమారు పదో వంతు, మైనస్ 5.5 దగ్గర నూటికి తొంభై చచ్చిపోతాయి.

కాబట్టి ఆప్రికాట్ భయపడాల్సింది నడిచలికాలానికి కాదు, ఫిబ్రవరి మార్చిల్లో వచ్చిపోయే దొంగ వసంతానికి.

లద్దాఖ్‌లో ఈ చెట్టు అంత బాగా ఎందుకు కాస్తుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. సింధునది వెంబడి ఉన్న శామ్ లోయ ఊళ్లు, నుబ్రాలోని తుర్తుక్, కార్గిల్ ప్రాంతం అన్నీ సుమారు 3,000 మీటర్ల ఎత్తువే. అక్కడ చలికాలం మధ్యలో సడలకుండా కొనసాగుతుంది. మొగ్గ మోసపోయే సందు తక్కువ. ఊళ్లు ఏప్రిల్‌లో, కింద ఉన్నవి ముందు, పైనున్నవి తర్వాత పూస్తాయి. ఇంకో మేలు, పొడిగాలి. లేహ్‌లో ఏడాదికి పడే వాన 100 మిల్లీమీటర్లు కూడా అంతంతమాత్రమే. పూతను కుళ్లబెట్టే శిలీంధ్రానికి కావలసిన తడి గాలిలో ఉండదు. చెట్టుకు కావలసిన తడి మాత్రం మంచు కరిగిన కాలువల్లోంచి నేరుగా వేళ్లకు అందుతుంది. తెల్లని టెంక ఉండే అక్కడి రక్త్సే కార్పో రకానికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మరి మినియాపోలిస్‌లోనో టొరంటోలోనో పెరట్లో పెంచాలనుకునే మనవాళ్లు ఏం చేయాలి? మొదట చోటు చూడండి. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి పారి నిలుస్తుంది. అందుకే గుంటలో నాటకండి, మెరకన నాటండి. ఉత్తరానికి వాలిన నేలైతే మరీ మంచిది, మొగ్గ ఆలస్యంగా మేలుకుంటుంది. ఇంగ్లండ్‌లో మాత్రం దక్షిణానికి తిరిగిన గోడకు ఆనించి పెంచుతారు. అక్కడి చల్లని వేసవిలో కాయ పండాలంటే గోడ వేడి కావాలి. ఆ వేడికి మొగ్గ ముందే మేలుకుంటుంది, అందుకని పూతకాలంలో రాత్రిళ్లు గుడ్డ కప్పి కాపాడుకుంటారు.

తర్వాత రకం. మినెసోటా విశ్వవిద్యాలయం విడుదల చేసిన మూన్‌గోల్డ్, సన్‌గోల్డ్ గట్టి చలిని తట్టుకుంటాయి. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి కావాలి గనుక రెండూ నాటాలి. నీరు నిలిచే నేల ఈ వేళ్లకు గిట్టదు. నడివేసవి దాటాక నత్రజని ఎరువు వేయకండి. లేత కొమ్మలు ముదరకుండానే చలికి చిక్కుతాయి. చలికాలం ముందు మొదలుకు తెల్లసున్నం పూస్తే పగటి ఎండకు వేడెక్కి రాత్రి చలికి బెరడు పగలడం తగ్గుతుంది.

పూతవేళ గడ్డకట్టే రాత్రి వస్తుందని తెలిస్తే ముందురోజే పాదు తడపండి. తడినేల పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది. చిన్న చెట్టయితే పైనుంచి నేలదాకా దుప్పటి కప్పండి. కింద తెరిచి ఉంటే నేల వేడి బయటికి పోతుంది. పెద్ద తోటల్లో రాత్రంతా నీళ్లు చిమ్ముతారు. నీరు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతుంది గనుక పూవు సున్నా దగ్గరే నిలుస్తుంది. మంచు కరిగేలోపు నీళ్లు ఆపితే మాత్రం అసలుకే మోసం.

పంట మిగిలిందో లేదో మర్నాడే తెలుసుకోవచ్చు. కొన్ని మొగ్గలు తెంపి బ్లేడుతో అడ్డంగా కోయండి. నడుమ ఆకుపచ్చగా ఉంటే బతికున్నట్టు, నల్లబడితే పోయినట్టు. పైరేకులు తెల్లగా, చక్కగానే కనబడతాయి, వాటిని నమ్మకండి.

ఈ పండు మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాద్ పెళ్లివిందుల్లో తినే ఖుబానీ కా మీఠా ఎండిన ఆప్రికాట్‌దే. టెంక పగలగొట్టి అందులోని పప్పును పైన అలంకరిస్తారు. తీపి పప్పయితే సరే. చేదుగా ఉంటే మాత్రం పారేయండి, అందులో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. ఇక చెట్టును హైదరాబాద్‌లో నాటితే కాయదు. లంబసింగి చలి రాత్రులు కూడా దానికి చాలవు.

చలిదేశంలో పెంచేవాళ్లు ఏటా కాపు వస్తుందని ఆశపెట్టుకోకండి. కాసిన ఏడు లద్దాఖీలు చేసినట్టే ఎండబెట్టి దాచుకోండి.