టీకా వేయించినా గేదె ఎందుకు చచ్చింది?

తొలకరి పడి పొలాల్లో దమ్ము మొదలయ్యే రోజుల్లోనే గొంతువాపు దిగుతుంది. పొద్దున మేతకు పోయిన గేదె సాయంత్రానికి ఒళ్లు కాలిపోతూ, చొంగ కారుస్తూ, గురక పెడుతూ ఇంటికొస్తుంది. తెల్లారేసరికి ఉండదు. అందుకే దీన్ని గురకవ్యాధి అనీ అంటారు. "టీకా వేయించాం గదా, మళ్లీ ఎట్లా వచ్చింది?" అని చర్ల, దుమ్ముగూడెం వంటి అడవి అంచు మండలాల రైతు అడిగితే తప్పులేదు. అయితే, ఏ టీకా వేయించారు?

వానల్లోనే వచ్చే ఇంకో రోగం జబ్బవాపు. రెండేళ్లలోపు బలిసిన పెయ్యలు, కోడెలకు తొడో జబ్బో వాచి, నొక్కితే చిటపటమంటుంది. దీని క్రిమి క్లాస్ట్రీడియం. విత్తనం లాంటి రూపంలో మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. గొంతువాపు క్రిమి పాశ్చురెల్లా వేరే జాతి. ఒకదాని టీకా రెండోదానికి పనికిరాదు. అసలు పాశ్చురెల్లాలోనే పైపొరను బట్టి ఎ, బి, డి, ఇ, ఎఫ్ అని అయిదు రకాలున్నాయి. కోళ్లకు కలరా తెచ్చేది ఎక్కువగా ఎ రకం. మన గేదెలను చంపేది బి రకం, ఆఫ్రికాలో ఇ రకం కూడా ఉంది. టీకాను ఆ ప్రాంతపు రకంతోనే తయారుచేయాలి.

ఈ క్రిమి ఆరోగ్యంగా కనిపించే పశువు గొంతులోనూ దాగి ఉంటుంది. మేత చాలక, వానకు తడిసి, అరకకు అలసి పశువు నీరసిస్తే విజృంభిస్తుంది. భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు వచ్చింది. అట్లాంటప్పుడు ఊళ్ల పశువులన్నీ ఒకే మెరకకు చేరతాయి, రోగానికి అంతకన్నా ఏం కావాలి? అడవి జంతువులనూ ఇది వదలదు. 2015లో కజకిస్థాన్‌లో రెండు లక్షలకు పైగా సైగా జింకలు కొద్ది వారాల్లోనే దీనికి బలయ్యాయి.

టీకా పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కనుక మే నెలలోనే వేయించాలి. పటిక టీకా బలం నాలుగు నుంచి ఆరు నెలలే, నూనె టీకా దాదాపు ఏడాది కాస్తుంది. ఏది వేశారో డాక్టరు గారిని అడిగి రాసిపెట్టుకోండి. జ్వరం తగిలిన మొదటి గంటల్లోనే వైద్యం అందాలి, పసర్లతో పొద్దు పుచ్చితే పశువు దక్కదు. సూది వేసే ముందు రక్తం చుక్క గాజు పలకపై తీయించండి, రోగమేదో తేలుతుంది.

చచ్చిన పశువు ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లరక్తం కారితే దొమ్మరోగమని అనుమానించాలి. అది మనుషులకూ సోకుతుంది. కోయొద్దు, తోలు తీయొద్దు, మాంసం పంచుకోవద్దు. వాగులో అసలే పడేయొద్దు. ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి.