నోటు తిరగరాసినప్పుడల్లా

సంక్రాంతి వెళ్లింది. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. ఆ రోజుల్లో నా పాత శిష్యుడొకడు ప్రామిసరీ నోటు జిరాక్సు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. చిలకలూరిపేట దగ్గరి పల్లె వాడిది. సొంతం మూడెకరాలు, కౌలు ఐదెకరాలు. సగం మిరప, సగం పత్తి.

"మాస్టారూ, తొమ్మిదేళ్ల కింద లక్ష తీసుకున్నా. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఎంత లెక్కేసినా మూడు లక్షల పదహారు వేలే వస్తంది. అప్పిచ్చినాయనేమో ఐదు లక్షల ఎనిమిది వేల పైన అంటన్నాడు. మోసం కదా?"

"నోటు ఎన్నిసార్లు తిరగరాశావురా?"

"రెండుసార్లు. మూడేళ్లు దాటితే చెల్లదంటగా."

నిజమే. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అందుకే గడువులోగా వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. లక్షకు మూడేళ్ల వడ్డీ 72,000. రెండో నోటులో అసలు 1,72,000. మూడో నోటులో 2,95,840. తొమ్మిదేళ్లు నిండేసరికి 5,08,844. ప్రతిసారీ 1.72తో గుణించుకుంటూ పోవడమే. కాగితం మీద ఉన్నది బారువడ్డీ. చక్రం తిరిగింది తిరగరాతలో. కూడికలో మోసమేమీ లేదు.

దీన్నే పుస్తకంలో గుణశ్రేఢి అంటారు. వాడికి పదో తరగతిలో అది చెప్పింది నేనే. 2, 4, 8, 16 అని బోర్డు మీద రాశాను, సూత్రం బట్టీ పట్టించాను. వాడు 35 మార్కులతో గట్టెక్కాడు. నోటు మాట మాత్రం నేనెత్తలేదు.

బతుకుతో ముడిపెట్టని పాఠాలు చూసే, "కాయలు కోసుకునేవాడికి సైన్ తీటా ఎందుకండీ?" అని తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. మా చిన్నప్పుడు దీనికో దారి ఉండేది. హైస్కూల్లోనే తేలికైన జనరల్ మాథ్స్, లోతైన కాంపోజిట్ మాథ్స్ అని విడదీసేవారు. నా పక్క బెంచీవాడు జనరల్లోకి వెళ్లాడు. తర్వాత ఇంజనీరింగ్ చదవాలనిపించినా, వాడికి ఆ గుమ్మం అప్పటికే మూసుకుపోయింది. పదమూడేళ్ల పిల్లాడి భవిష్యత్తును ఓ మార్కుల కాగితం తేల్చేసింది.

ఇప్పుడూ రకరకాల దారులు వెతుకుతున్నారు. సీబీఎస్ఈ 2020 పరీక్షల నుంచి పదో తరగతిలో స్టాండర్డ్, బేసిక్ అని రెండు లెక్కల పేపర్లు పెట్టింది. పాఠాలు అవే, బేసిక్ పేపరు తేలిక. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆల్జీబ్రా-2 అందరూ చదవాలన్న నిబంధనను 2013లో సడలించింది.

నా మాట ఒకటే: విడదీస్తే పాఠాలను విడదీయండి, పిల్లలను కాదు. త్రికోణమితి సర్వసమీకరణాల నిరూపణలు, కలనగణితం ఇంటర్ ఎంపీసీలో ఇష్టమున్నవాళ్లు చదువుకుంటారు. గుణశ్రేఢి, గ్రాఫు చదవడం, సంభావ్యత, సగటు మాత్రం ఎవరికీ తప్పకూడదు. గుంటూరు మిర్చి యార్డులో ఒకే తూకం టిక్కీల్లో (బస్తాల్లో) మేలురకం 30 టిక్కీలు క్వింటా 14,000, తాలు 10 టిక్కీలు 7,000 పలికాయనుకోండి. సగటు 10,500 కాదు, 12,250. ఇది తెలియని రైతు తన పంట ఎంత పలికిందో తానే చెప్పలేడు.

మన రాష్ట్రంలో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్సీఈఆర్టీ లెక్కల పుస్తకం వచ్చింది. అందులో అంకశ్రేఢి ఉంది, గుణశ్రేఢి లేదు. ఏటా ఒకే మొత్తం పెరిగే బారువడ్డీ అంకశ్రేఢి. అంటే మావాడు వేసుకొచ్చిన మూడు లక్షల పదహారు వేల లెక్క పుస్తకంలో మిగిలింది; వాడి మెడకు చుట్టుకున్న లెక్క పోయింది.

వాడికి ఇంకో సంగతి చెప్పాను. గడువు లోపల ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు గడువొస్తుంది. కొత్త నోటు అక్కర్లేదు, అసలు లక్ష దగ్గరే ఉంటుంది. రెండు లెక్కలకూ తేడా 1,92,844 రూపాయలు.

వాడు చేతిలోని కాగితాన్ని తిప్పి చూశాడు. వెనక అంతా తెల్లగా ఉంది.

"ఇటువైపు కూడా రాయొచ్చని ఎవరూ చెప్పలేదు మాస్టారూ" అన్నాడు.