గనికప్పునకు నిట్రాడు

పూరిల్లు కట్టునపుడు నడుమ నిట్రాడు పాతి, దానిపై దూలమునెత్తి, పిమ్మటనే వాసములు పరచుట మనమందరము ఎఱిగినదే. నిట్రాడు లేని కప్పుక్రింద కాపురముండుటకు ఎవ్వరును సాహసింపరు. భూగర్భమున బొగ్గు త్రవ్వు కార్మికులకును ఇట్టి ఆధారములే ప్రాణరక్షకములు. కాని యింట ముందు ఆధారము, తరువాత కప్పు. గనిలో బొగ్గు తీసినంతనే కప్పు ముందుగా నేర్పడును, ఆధారము తరువాత రావలెను. ఈ నడిమి కాలమే మిక్కిలి అపాయకరమైనది.

మన సీమలో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును 1871లో డాక్టరు విలియం కింగు కనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. నేడు బొగ్గులో అధికభాగము పైనుండి త్రవ్వు గనులలోనే లభించుచున్నను, భూగర్భమునకు దిగి పనిచేయువారు వేలకొలది కలరు.

ఈ గనులలో పెక్కింట బొగ్గుపొరలో వీధులవలె దారులు తొలిచి, నడుమ బొగ్గునే స్తంభములుగా విడిచిపెట్టుదురు. అట్టి దారి వెడల్పు 4.8 మీటర్లకును, ఎత్తు 3 మీటర్లకును మించకుండ నుండుట పూర్వమునుండి వచ్చుచున్న నియమము. 200 మీటర్ల లోతున ఒక చదరపు మీటరుపై నుండు భారము సుమారు 500 టన్నులు. అంతటి బరువును మోయునది ఆ బొగ్గుస్తంభములే గాని గుంజలు కావు. అట్లయిన గుంజలెందులకని చదువరులు అడుగవచ్చును. దారి తొలిచిన పిమ్మట దాని నెత్తిననున్న రాతిపొర పట్టు సడలి క్రిందికి వ్రేలాడజొచ్చును. మీటరు మందము గల పొర, దారి పొడవున ఒక్క మీటరు మేర ఊడినను, పది టన్నులకు మించిన రాయి మీదబడును. ఆ సడలిన పొరను పట్టియుంచుటయే ఆధారముల పని.

పూర్వము కొయ్యగుంజలే విశేషముగా వాడుచుండిరి. గుంజ తలపై చెక్కపలక నుంచి కప్పునకు బిగింతురు. బరువు హెచ్చుచోట దుంగలను అడ్డముగను నిలువుగను పేర్చి దొంతి కట్టుదురు. కొయ్యకు ఒక సుగుణము కలదు. విరుగుటకు ముందు కిఱ్ఱుమని మూలిగి, క్రిందివారిని హెచ్చరించును. తరువాత ఉక్కుగుంజలు వచ్చినవి.

నేడు రూఫ్ బోల్టులకే ప్రాధాన్యము. కప్పులోనికి మనిషియెత్తు రంధ్రము తొలిచి, సిమెంటుగాని జిగురుమందుగాని యుంచి, ఉక్కుకడ్డీని చొప్పించి, పలకతో బిగింతురు. విడి తాటాకు ఇట్టె వంగును. అవే ఆకులను కట్టగా బిగించిన వంగవు. బోల్టు రాతిపొరలను అట్లే ఒక్కటిగా కుట్టివేయును. మఱికొన్ని గనులలో వందలకొలది టన్నుల బరువు మోయు ఉక్కుకవచములు యంత్రబలమున తామే ముందునకు జరుగుచు, పనివారిని కాచుచుండును.

బేరమాడునపుడు కుండను వ్రేళ్లతో కొట్టి మంచిచెడ్డలు తెలిసికొందుము గదా! గనిలోను కప్పును కఱ్ఱతో తట్టి చూతురు. ఖణేలుమనిన గట్టిరాయి, బోలుమ్రోత వచ్చిన సడలిన రాయి. అట్టిదానిని, ఆధారమున్న తావుననే నిలిచి, పొడవైన గడ్డపాఱతో పడగొట్టుదురు. ఆధారము లేని కప్పుక్రిందికి అడుగిడరాదనుట గనిపనిలో మొదటి పాఠము.

విద్య యింత పెరిగినను గండము తొలగిపోలేదు. 2022 మార్చి 7వ తేదీన రామగుండము ప్రాంతమందలి అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు మరణించిరి. వారిలో అధికారులును ఉండిరి. ఆధారములుంచినంతనే చాలదు, వానిని పూట పూటకును పరీక్షించుచుండవలెను.

ఇది పురుషులకే సంబంధించిన విషయమని తలంపరాదు. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనిచేయనీయలేదు. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగములందు పగటివేళ దిగుటకు అనుమతి లభించెను. కావున ఆ కప్పుక్రింద నడచువారిలో మన ఆడుబిడ్డలును ఉండవచ్చును.

గుంజ నిలుపుటకు, బోల్టు బిగించుటకు పట్టు కాలము బొగ్గు తీయని కాలమే; అందుచేత తొందరపడువారికది వ్యర్థముగా దోచును. గనికి పోవువారు గల యిండ్లలోని మన సోదరీమణులు, పని యెంత జరిగినదని యడుగుటకు ముందు, కప్పు చూచుకొని పనిచేసిరా యని యడుగుదురుగాక! ఆ ప్రశ్న ప్రతిదినము ఇంట వినవచ్చినచో, తొందరపాటు కొంతయైన తగ్గునని మా విశ్వాసము.