టీషర్టు కోసం పుల్ రిక్వెస్టు

గిట్‌హబ్‌లో పేరున్న ప్రాజెక్టు ఒకటి తెరిచి, రీడ్‌మీ ఫైల్లో పేరూ ఊరూ రాసి, ఆ మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్టు కొట్టేస్తే ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్ అయిపోయినట్టేనట! రెజ్యూమేలో ఒక లైను, ప్రొఫైల్లో ఆ రోజు పనిచేసినట్టు ఒక పచ్చ చదరం. టెక్కలి, రాజాం, ఎచ్చెర్ల హాస్టళ్ల దాకా పాకే ఇలాంటి మాటకు బయట జరిగిన నష్టం చిన్నది కాదు.

2020 అక్టోబరులో క్లౌడ్ సంస్థ డిజిటల్ ఓషన్ ఓపెన్ సోర్స్ కోసం ఏటా నడిపే తన హాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు ఇస్తామంది. ఒక యూట్యూబ్ పాఠం చూసిన పిల్లలు ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని చేర్చి ఎగబడ్డారు. చెత్త ఏరలేక ప్రాజెక్టులు నడిపేవాళ్లు మొత్తుకుంటే, మూడో తేదీకల్లా నిబంధన మారింది: పాల్గొంటామని తామే ఒప్పుకున్న ప్రాజెక్టులే లెక్కలోకి వస్తాయి. 2023లో టీషర్టులకు బదులు డిజిటల్ బ్యాడ్జీలు పెట్టారు. అయినా బుద్ధి రాలేదు. 2024 మొదట్లో మరో వీడియో పుణ్యమా అని వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు రీడ్‌మీ మీద పేర్ల వాన కురిసింది. ఆ చెత్త ఊడ్చింది తమ ఖాళీ సమయం ధారపోసే వలంటీర్లు.

పేరు రాయడం నామోషీ అనుకున్నవాళ్లు ప్రాజెక్టుకు డేటా చార్టు చేర్చే పని మీద పడతారు. చార్టులు గీసే రెడీమేడ్ కోడు లైబ్రరీ తెచ్చి అంకెలు పోస్తే గంటలో పనైపోతుందని ధీమా.

బొమ్మ గంటలోనే వస్తుంది. నిజం రావాలిగా? శ్రీకాకుళం జిల్లా జనాభానే గీయండి. 2011 జనగణనలో 27 లక్షలు. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాక, అదే జనగణన లెక్క కొత్త హద్దుల్లో దాదాపు 22 లక్షలు. రెండూ ఒకే గీతలో కలిపితే అయిదు లక్షల మంది మాయం! వలసల జిల్లా కాబట్టి చూసినవాడు నమ్మేస్తాడు కూడా. హద్దులు మారిన సంగతి లైబ్రరీకి తెలియదు, రాజాం కుర్రాడికి తెలుసు. గీతను అక్కడ తెంచి, కింద వివరం రాసి, డేటాలో హద్దుల కాలమ్ చేర్చడమే అసలైన కంట్రిబ్యూషన్.

కోవిడ్‌19ఇండియా అనే కోవిడ్ కేసుల లెక్కల సైటు నడిపిన వలంటీర్లకు ఈ ఇంగితం ఉండేది. 2020 మార్చి నుంచి 2021 అక్టోబరు 31 దాకా నడిచిన ఆ సైటులో ఒకే లెక్కను రోజువారీగా, మొత్తంగా, లాగ్ స్కేల్లో (పదింతలకో మెట్టు) మార్చి చూసుకునే వీలుండేది. మొత్తం గీత ఎప్పుడూ పైకే పోతుంది. అదొక్కటే చూపితే భయం తప్ప ఏం తెలుస్తుంది?

చార్టు ప్రాజెక్టులో కలిసిపోతే, అంటే మెర్జ్ అయితే, పనైపోయినట్టేనా? కానే కాదు. ఆ తర్వాతా దాన్ని కాపాడుకోవాలి. వికీపీడియాలో గ్రాఫ్ ఎక్స్‌టెన్షన్‌ను భద్రతా లోపాలతో 2023 ఏప్రిల్‌లో ఆపేస్తే, పేజీల్లో గ్రాఫులు మాయమయ్యాయి. దాని బదులు తయారైన చార్ట్ ఎక్స్‌టెన్షన్ చాలా వికీలకు చేరేసరికి 2025 వచ్చింది.

ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. ఓపెన్ సోర్స్ అంటే ఎవడిష్టం వాడిదనేవాళ్లు ముందు లైసెన్సు చదవాలి. ప్రోగ్రామింగ్‌లో తలపండాలన్నదీ ఉత్త మాటే. ఇక ఇంగ్లీషు రాకపోతే కష్టమన్నది, ఒప్పుకోక తప్పదు, సగం నిజం. చర్చలు, రివ్యూలు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. అయితే వచ్చీరాని ఇంగ్లీషులో రాసిన రెండు వాక్యాలకు జతగా స్క్రీన్‌షాట్ పెడితే సరిపోతుంది.

మరి చార్టు చేర్చాలంటే, కోడు ముట్టే ముందు ప్రాజెక్టు పేజీలో ఇష్యూ (చర్చకు పెట్టే అంశం) తెరిచి, ఈ చార్టు కావాలో వద్దో అడగాలి. ప్రాజెక్టులో ఉన్న లైబ్రరీనే వాడాలి. కొత్తది మోసుకొస్తే పేజీ బరువెక్కుతుంది. అంకెల్లో కామాలు లక్షల పద్ధతిలో పడుతున్నాయా, ‘పార్వతీపురం మన్యం’ లాంటి పొడుగు పేర్లు చిన్న ఫోన్లో ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయా చూసుకోవాలి. చార్టు చూడలేనివారి కోసం అవే అంకెలు పట్టికగానూ ఇవ్వాలి.