సరుకునకు పేరు, పేరునకు రక్షణ

భద్రాచలము నుండి గోదావరి వెంట ఎగువకు పోగా చర్ల వచ్చును. ఆ పైన ఛత్తీస్‌గఢ్ అడవులు. ఇప్పపువ్వు, చింతపండు, తేనె ఈ నేల కలిమి. ఇచట నొక కుటుంబము తేనెను సీసాలకెత్తి ‘చర్ల తేనె’ యని చీటీ అంటించిన దనుకొందము. గిరాకి కుదిరిన పిమ్మట వేరొకరు అదే పేరు పెట్టినచో ఆపగలరా?

ఆపుట కష్టము. ఊరి పేరు, సరుకు పేరు ఒకరి సొత్తు కావు. 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము, 9వ సెక్షను, అట్టి పేర్లను సామాన్యముగా నమోదు చేయనీయదు. వాడుకచే ప్రసిద్ధి పొందినట్లు రుజువు చూపినవారికే మినహాయింపు. దుకాణపు లైసెన్సు గాని, జి.ఎస్.టి. నంబరు గాని పేరుపై హక్కు నీయవు. కావున సరుకును వర్ణింపని, ఇతరుల గుర్తును పోలని మాటను మొదటనే ఎన్నుకొనవలెను.

దరఖాస్తు టి.ఎం.-ఎ ఫారముపై చెన్నై ట్రేడుమార్కుల కార్యాలయమునకు పంపవలెను. తేనె 30వ తరగతికి చెందును. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైను రుసుము 4,500 రూపాయలు. అంగీకృతమైన పేరు ట్రేడుమార్కుల జర్నలులో ప్రకటింపబడును. 4 నెలలలో ఎవరును అభ్యంతరము తెలుపనిచో నమోదగును. 10 ఏండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను.

భద్రాచలము మహిళల చిరుధాన్యపు బిస్కెట్లు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ అను పేరున లండను వరకు చేరినవని 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున చెప్పిరి. అంత దూరమున కొనువారు చేసిన చేతుల నెరుగరు, పేరునే యెరుగుదురు. చర్ల తేనె కూడ అడవి దాటకముందే తన పేరును భద్రపరచుకొనుట మేలు.