స్పీడ్ సరే, ఫైల్ పూర్తిగా చేరిందా? డెస్క్‌టాప్ ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రామ్‌లో నేను ముందు చూసేవి ఇవే

ఏ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రామ్ సైట్ ఓపెన్ చేసినా మొదట కనిపించే మాట స్పీడ్. బ్లూటూత్ కంటే ఇన్ని రెట్లు ఫాస్ట్ అని పెద్ద అక్షరాల్లో వేసుకుంటారు. ఇప్పటికీ బ్లూటూత్‌తో పోల్చుకోవడం అంటే ఎడ్లబండిని దాటేశానని బైక్ వాడు చెప్పుకున్నట్టే.

ఫోన్ రివ్యూలు రాసే పని కాబట్టి కెమెరా శాంపిల్స్, 4కే వీడియోలు, స్క్రీన్ రికార్డింగ్స్ వారానికి రెండు మూడు సార్లైనా ఫోన్ నుంచి పీసీకి లాగుతుంటాను. కేబుల్‌తో లాగాను, వైఫైతో లాగాను, మెమరీ కార్డ్ పీకి కూడా లాగాను. నా లిస్టులో స్పీడ్ నాలుగో స్థానంలో ఉంటుంది. మొదటి స్థానం ఒక చిన్న ప్రశ్నకి జవాబు చెప్పే ప్రోగ్రామ్‌కి: ఇక ఫోన్‌లో డిలీట్ చెయ్యొచ్చా?

11,482 ఎక్కడ, 11,469 ఎక్కడ

మా పిన్ని ఈ మధ్య కొత్త ఫోన్ ఆర్డర్ పెట్టింది. ఎక్స్ఛేంజ్ ఆఫర్, అంటే డెలివరీ అబ్బాయి కొత్తది ఇచ్చి పాతది తీసుకెళ్లిపోతాడు. ముందు రోజు రాత్రి తనే ఏదో ఒక ప్రోగ్రామ్ దింపుకుని వైఫై మీద ఫొటోలన్నీ లాప్‌టాప్‌లోకి పంపేసింది. దాని పేరు ఇక్కడ అనవసరం. పూర్తయ్యాక 100% అని పచ్చ టిక్ వచ్చింది. తర్వాత నాకు ఫోన్ చేసింది: "ఏరా, ఇంక ఫోన్ ఫార్మాట్ కొట్టేయొచ్చా?"

"ఒక్క నిమిషం ఆగు పిన్నీ, కెమెరా ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో రెండు చోట్లా చూసి చెప్పు" అన్నాను. ఫోన్‌లో 11,482. లాప్‌టాప్‌లో 11,469.

పదమూడు తక్కువ. సరే, ఏ పదమూడు? ప్రోగ్రామ్‌లో హిస్టరీ అని ఒక పేజీ ఉంది గానీ అందులో తేదీ, మొత్తం సైజు తప్ప ఏమీ లేదు. మళ్లీ మొత్తం పంపుదామంటే లాప్‌టాప్‌లో ప్రతి ఫైల్‌కీ రెండో కాపీ తయారవుతుంది. చివరికి ఫోన్‌లో ఎఫ్‌టీపీ సర్వర్ ఆన్ చేయించాను. చాలా ఫైల్ మేనేజర్ యాప్స్‌లో ఆ ఆప్షన్ ఉంటుంది. లాప్‌టాప్‌లో ఫైల్‌జిల్లా పెట్టించి, అందులో డైరెక్టరీ కంపారిజన్ ఆన్ చేసి, రెండు వైపులా ఒకేలా ఉన్నవి దాచెయ్యమన్నాం. స్క్రీన్ మీద ఆ పదమూడే మిగిలాయి. అన్నీ వీడియోలే. మధ్యలో స్క్రీన్ ఆరిపోయినప్పుడు ఫోన్ బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని నిద్రపుచ్చి ఉంటుందని నా అంచనా. వాటిల్లో ఒకటి మా అమ్మమ్మ ఆవకాయ కలుపుతూ పాళ్లు చెబుతున్న వీడియో. అమ్మమ్మ ఇప్పుడు లేదు, ఆ వీడియోకి ఇంకెక్కడా కాపీ లేదు.

పచ్చ టిక్ వేసే ముందు ప్రోగ్రామ్ చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. ఎన్ని పంపమన్నారు, ఎన్ని చేరాయి, ఏవి ఆగిపోయాయి, ఎందుకు ఆగాయి అని చెప్పి, ఆగినవాటి పక్కన మళ్లీ పంపు అనే బటన్ ఒకటి పెడితే చాలు. ఫైల్‌జిల్లా కింద ఫెయిల్ అయిన ట్రాన్స్‌ఫర్‌లకి విడిగా ఒక ట్యాబ్ ఉంటుంది చూడండి, అలాంటిది. ఆ ప్రోగ్రామ్ 2001 నుంచీ ఉంది. చూడ్డానికి కూడా దాదాపు అప్పటిలానే ఉంటుంది, అది వేరే గొడవ.

కేబుల్ పెడితే అయిపోదా?

కామెంట్లలో ఇది ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు పీసీకి పెడితే పెన్ డ్రైవ్‌లా కనిపించేవి. దాంతో ఒక చిక్కు ఉండేది: పీసీ ఆ స్టోరేజ్‌ని పట్టుకున్నంతసేపూ ఫోన్ దాన్ని వాడుకోలేదు. అందుకే 2011లో ఆండ్రాయిడ్ 3.0తో ఎంటీపీ వచ్చింది. ఇందులో పీసీకి స్టోరేజ్ నేరుగా దొరకదు. ఫలానా ఫైల్ ఇవ్వు అని ఫోన్‌ని అడగాలి, ఫోన్ ఇస్తుంది. భద్రత పరంగా మంచిదే. కానీ పదివేల ఫొటోలున్న ఫోల్డర్ తెరిస్తే విండోస్‌లో పైన పచ్చగీత చీమలా పాకడానికి కారణం కూడా ఇదే. కేబుల్ కాస్త కదిలిందా, కాపీ అక్కడితో పోయినట్టే.

దానికి తోడు ఇప్పటికీ చాలా ఫోన్లలో టైప్ సీ పోర్ట్ వెనక ఉన్నది యూఎస్‌బీ 2.0. దాని గరిష్ఠ వేగం సెకనుకి 480 మెగాబిట్లు, అంటే కాగితం మీద 60 ఎంబీ. చేతికొచ్చేది అంతకంటే బాగా తక్కువ. ఐఫోన్ 15లోనూ ఇంతే, 15 ప్రో కొన్నవాళ్లకే 10 గిగాబిట్ల పోర్ట్ ఇచ్చారు. ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై బాగుంటే కేబుల్‌తో సమానంగా, ఒక్కోసారి ఇంకా మెరుగ్గా పోతుంది.

ఐఫోన్ నుంచి విండోస్‌కి కాపీ చేసేవాళ్లు ఒక సెట్టింగ్ మార్చుకోండి. ఫొటోస్ సెట్టింగ్స్‌లో కింద, మ్యాక్ ఆర్ పీసీకి పంపేటప్పుడు అనే చోట ఆటోమేటిక్ ఉంటే ఫోన్ అప్పటికప్పుడు ఫొటోల ఫార్మాట్ మార్చి పంపుతుంది, మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతుంటుంది. కీప్ ఒరిజినల్స్ పెడితే చాలావరకు ఆ బాధ పోతుంది.

ఆగిన చోట నుంచి

కరెంటు పోవడం, రౌటర్ రీస్టార్ట్ అవడం, లాప్‌టాప్ మూత పడిపోవడం మన ఇళ్లల్లో రోజూ ఉండేవే. 18 జీబీ ఫైల్ 17 దగ్గర తెగిపోతే మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టే ప్రోగ్రామ్ ఎంత ఫాస్ట్ అయితే ఏం లాభం?

నాకు చిరాకు తెప్పించేది ఏంటంటే ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. ఎఫ్‌టీపీ మొదటి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన మనవాడు. ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టమనే ఆదేశం ఎఫ్‌టీపీలోకి ఏనాడో వచ్చేసింది. పాస్‌వర్డ్ కూడా దాచకుండా పంపే పాత పద్ధతి కాబట్టి 2021లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఎఫ్‌టీపీని పీకేశాయి. అది సరైన పనే. నేను కూడా సొంత ఇంటి వైఫై దాటి సాదా ఎఫ్‌టీపీ వాడను. కానీ ఆ తరం నేర్పిన రెజ్యూమ్‌ని కొత్త యాప్స్ ఎందుకు మర్చిపోయాయో అర్థం కాదు.

ఇక్కడ విన్‌ఎస్‌సీపీ చేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. పెద్ద ఫైల్ వస్తున్నంతసేపూ దాని పేరు చివర ఫైల్‌పార్ట్ అని తోక తగిలిస్తుంది. మొత్తం వచ్చాకే తోక తీసి అసలు పేరు పెడుతుంది. మధ్యలో తెగిపోతే ఫోల్డర్ చూడగానే ఏది సగమో తెలిసిపోతుంది, మళ్లీ కనెక్ట్ అయితే అక్కడి నుంచే అందుకుంటుంది. అదే విండోస్ సొంత కాపీలో విండోస్ 8 నుంచి పాజ్ బటన్ ఇచ్చారు గానీ, సిస్టమ్ రీస్టార్ట్ అయితే ఆ కాపీ సంగతే దానికి గుర్తుండదు. రోబోకాపీలో జెడ్ స్విచ్ వాడితే రెజ్యూమ్ అవుతుంది. కాకపోతే ఆ నల్ల విండో పిన్నికి ఎలా నేర్పను?

సైజు ఒకటే అయితే ఫైల్ ఒకటే కాదు

పెన్ డ్రైవ్, హార్డ్ డిస్క్‌లకి కాపీ చేసేవాళ్లు ఇది కాస్త శ్రద్ధగా చదవండి. 1 టీబీ పెన్ డ్రైవ్ అని అతి చవగ్గా అమ్మే నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. లోపల ఉన్నది 32 జీబీయో 64 జీబీయో. దాని కంట్రోలర్ మాత్రం విండోస్‌కి 1 టీబీ అని చెప్తుంది. అసలు జాగా నిండాక రాసిందంతా గాలికే పోతుంది, లేదా పాత డేటా మీదే పడుతుంది. ఫైల్ పేర్లూ సైజులూ మాత్రం చక్కగా కనిపిస్తాయి. తెరిస్తే తెలుస్తుంది సంగతి.

దీన్ని పట్టుకోవాలంటే కాపీ అయ్యాక రెండు వైపులా ఫైల్ లోపలి డేటా నుంచి చెక్‌సమ్ లెక్కకట్టి పోల్చాలి. టెరాకాపీలో వెరిఫై అనే ఆప్షన్ చేసేది ఇదే. డ్రైవ్‌ని ఒకసారి తీసి మళ్లీ పెట్టి వెరిఫై చెయ్యండి, లేకపోతే పీసీ తన మెమరీలో మిగిలి ఉన్న కాపీనే చదివి బాగుంది అనేసే అవకాశం ఉంది. టైమ్ ఎక్కువ పడుతుంది, నిజమే. ప్రతి సినిమా ఫైల్‌కీ అక్కర్లేదు. పెళ్లి వీడియోకి కావాలి.

తెలుగు పేర్ల తిప్పలు

దీని గురించి ఇంగ్లిష్ రివ్యూల్లో ఒక్క లైన్ కూడా దొరకదు, మనమే మాట్లాడుకోవాలి. పీసీలో తెలుగులో పొడుగ్గా పేరు పెట్టిన ప్రవచనం వీడియోనో నవల పీడీఎఫ్‌నో ఫోన్‌కి పంపితే కొన్నిసార్లు ఊరికే ఫెయిల్ అవుతుంది. పేరు చిన్నది చేస్తే వెళ్లిపోతుంది. ఎందుకంటే విండోస్ ఫైల్ పేరుని అక్షర కోడ్‌ల లెక్కన 255 వరకు ఒప్పుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల స్టోరేజ్ మాత్రం 255 బైట్ల వరకే ఒప్పుకుంటుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్, తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు. అంటే ఫోన్‌లో మనకి దక్కేది 85 కోడ్‌లు. అందులోనూ మన కంటికి ఒకే అక్షరంలా కనిపించే ‘శ్రీ’ కంప్యూటర్‌కి నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. శ్రీ అని 21 సార్లు రాస్తే 252 బైట్లు అయిపోయాయి, ఎక్స్‌టెన్షన్‌కి కూడా చోటు లేదు.

ఇలాంటప్పుడు పేరు పొడుగైంది, కుదించమంటారా అని ప్రోగ్రామ్ అడగాలి. అన్‌నోన్ ఎర్రర్ అని మొహాన కొడితే మామూలు యూజర్ ఏం చేస్తాడు? ఫైల్ పాడైందనుకుంటాడు.

అడక్కుండా ఏదీ లోపలికి రాకూడదు

2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్స్‌లో షేరిట్, జెండర్ రెండూ ఉన్నాయి. ఆ ఖాళీని ఇప్పుడు ఎక్కువగా గూగుల్ క్విక్ షేర్, ఓపెన్ సోర్స్ లోకల్‌సెండ్ నింపుతున్నాయి. రెండూ యాడ్స్ లేనివే. అయితే పెద్ద కంపెనీ తయారుచేసింది కాబట్టి నిశ్చింత అనుకోవద్దు. క్విక్ షేర్‌లో పది లోపాలు కనిపెట్టామని సేఫ్‌బ్రీచ్ రీసెర్చర్లు 2024 ఆగస్టులో డెఫ్‌కాన్ సదస్సులో చూపించారు. వాటిల్లో ఒకటి, యూజర్ ఒప్పుకోకుండానే అతని పీసీలోకి ఫైల్ దింపగలగడం. గూగుల్ వాటిని సరిచేసింది, అందుకే పాత వెర్షన్ ఉంటే అప్‌డేట్ చేసుకోండి. ఎవరి నుంచైనా తీసుకో అనే సెట్టింగ్ పని అయిపోయాక ఆపేయండి.

లోకల్‌సెండ్ నా రోజువారీ ప్రోగ్రామ్. అకౌంట్ అడగదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిట్లో నడుస్తుంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే ఫ్రెండ్స్ మాత్రం "నా ఫోన్ లిస్ట్‌లో కనిపించట్లేదు అన్నా" అని తరచూ అంటారు. అది దాని తప్పు కాదు. చాలా హాస్టళ్ల, కాలేజీల వైఫైలో ఒక డివైస్‌కి ఇంకో డివైస్ కనిపించకుండా రౌటర్‌లోనే కట్టడి చేస్తారు. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి లాప్‌టాప్‌ని దానికి కలిపితే పని జరుగుతుంది, డేటా కూడా ఖర్చవదు. ఈ ముక్క ప్రోగ్రామే స్క్రీన్ మీద చెప్తే ఎంత బాగుంటుంది! ఖాళీ రాడార్ తిప్పుతూ కూర్చోబెట్టే బదులు.

కొత్త ప్రోగ్రామ్ ఏది వచ్చినా నేను చేసే టెస్ట్ మీరూ చెయ్యొచ్చు. 5 జీబీ వీడియో ఒకటి, చిన్న ఫొటోలు ఒక రెండు వేలు, పొడుగు తెలుగు పేరున్న ఫైల్ ఒకటి కలిపి పంపండి. సగంలో వైఫై ఆపేసి, రెండు నిమిషాల తర్వాత మళ్లీ ఆన్ చెయ్యండి. తనంతట తానే అందుకుందా, ఏవి మిగిలాయో పేర్లతో చెప్పిందా చూడండి. ఆ 5 జీబీ వీడియో సగమే వచ్చి, అసలు పేరుతో పూర్తయినట్టు ఫోల్డర్‌లో కూర్చుని ఉంటే ఇంక ఆలోచించకండి, అన్‌ఇన్‌స్టాల్ కొట్టేయండి.